పుట్టగొడుక్కి సిఫారసు లేఖ

శనివారం పొద్దున్నే మన తిరుపతిలో బెంగళూరు బస్సు దిగే కుర్రాళ్లలో ఈమధ్య ఒక కొత్త రకం కనిపిస్తోంది. దర్శనం టోకెన్లు అయిపోయాయన్నా వీళ్లకి దిగులుండదు. లీలామహల్ సెంటర్లో టీ గ్లాసు పట్టుకుని, "దేవుడి కోసం ఇంతసేపు నిలబడేదేంది మచ్చా, కొడైకెనాల్‌లో మత్తు పుట్టగొడుగు తింటే అరగంటలో ఆయనే వస్తాడు" అని ఒకరికొకరు ధైర్యం చెప్పుకుంటారు.

నవ్వి ఊరుకునే మాట కాదిది. మన ఊరు ఊరంతా దర్శనం మీద బతుకుతోంది. లాడ్జీలు, జీపులు, పూలకొట్లు, గుండు మీద గంధం పూసే చేతులు, అన్నిటికీ అదే ఆధారం. అరగంట దర్శనం పోటీకొస్తే వీళ్లంతా ఏం కావాలి? ఆ బెంగతోనే పుట్టగొడుగు పూర్వాపరాలు విచారించాను. భయపడాల్సిన పని లేదని తేలింది. దానికీ కొండ ఉంది, నియమం ఉంది, సిఫారసు కూడా ఉంది.

కొండ మెక్సికోలోని ఓహాకా రాష్ట్రంలో ఉంది, ఊరి పేరు హువాట్లా. అక్కడి మజాటెక్ జనం ఈ పుట్టగొడుగుల్ని తరతరాలుగా తింటున్నారు గానీ సరదాకి కాదు. ఇంట్లో రోగి ఉండాలి. రాత్రి కావాలి, దీపాలు ఆర్పాలి. ముందూ వెనకా కొన్నాళ్లు బ్రహ్మచర్యం పాటించాలి. పుట్టగొడుగుల్ని జతలుగా లెక్కపెట్టి ఇస్తారు. మరియా సబీనా అనే ఆమె తెల్లవార్లూ పాడుతూ, రోగం ఎక్కడుందో చూసి చెప్పేది. మనవైపు గంగమ్మ పూనినామె చెప్పినట్టే అనుకోండి.

1955లో ఈ ఊరికి గోర్డన్ వాసన్ అనే అమెరికా పెద్దమనిషి వచ్చాడు. జేపీ మోర్గాన్ బ్యాంకు వైస్ ప్రెసిడెంటు. అంత పెద్ద హోదా ఉన్నవాడు వరసలో ఎందుకు నిలబడతాడు? తిన్నగా మునిసిపల్ ఆఫీసుకి పోయి అధికారిని పట్టుకున్నాడు. అధికారి చెప్పాక సబీనా కాదనలేకపోయింది. మరి రోగి ఏడీ? మా అబ్బాయి గురించి బెంగగా ఉందన్నాడు. అంటే ప్రపంచానికంతా తెలిసిన మొదటి పుట్టగొడుగు దర్శనం బ్రేక్ దర్శనమే! చూపించిన కారణం కూడా మనవాళ్లు చూపించే బాపతే. ఇది చదివాక నాకు ప్రాణం లేచొచ్చింది.

1957 మేలో ఆయన లైఫ్ పత్రికలో వ్యాసం రాశాడు. ఎవరూ కనుక్కోకూడదని ఆమె పేరు మార్చాడు. కనుక్కున్నారు. హిప్పీలు దిగారు, వెనకాలే పోలీసులు దిగారు, ఆమె ఇంటిని ఎవరో తగలబెట్టారు. వాసన్ రాకముందు దేవుణ్ణి చూడ్డానికని ఎవరూ తినలేదు, రోగం కుదరడానికే తిన్నారు, ఇప్పుడు వాటిలో బలం పోయింది అని ఆమె తర్వాత చెప్పుకుంది. వాసన్‌గారు పుస్తకాలు రాసుకున్నారు.

ఈ సంగతి మా వీధిలో రిటైరైన మాస్టారికి చెబితే, "అదంతా మనదేనప్పా! సోమరసం అంటే పుట్టగొడుగే. అమెరికావాడే రాసినాడు" అన్నారు. నిజమే, 1968లో రాశాడు. రాసింది మళ్లీ మన బ్యాంకు వైస్ ప్రెసిడెంటే. ఋగ్వేదం తొమ్మిదో మండలమంతా సోముడి మీదే. రాళ్లతో దంచి, ఉన్నితో వడగట్టేవారని అందులో ఉంది. ఆ సోముడు ఎర్ర గొడుగు మీద తెల్ల చుక్కలుండే అమనిటా అనే పుట్టగొడుగని వాసన్ వాదం. అది చలిదేశాల్లో భూర్జ, పైన్ చెట్ల కింద మొలుస్తుంది. శేషాచలంలో మనకున్నది ఎర్రచందనం. పైగా సైబీరియాలో దాన్ని తిన్నవాడి మూత్రం తాగినా మత్తెక్కుతుందట, మత్తు పదార్థం అందులోకి దిగుతుంది కాబట్టి. వాసన్ వాదంలో ఈ మూత్రం కూడా ఒక ముఖ్య సాక్ష్యం. అంతవరకు విని మాస్టారు టీ గ్లాసు కింద పెట్టేశారు. "అట్లయితే అది సోమలతేలే" అన్నారు.

ఇంతకీ తింటే ఏమవుతుంది? కొడై సరుకులో ఉండే మందు సిలోసిబిన్. 1958లో ఆల్బర్ట్ హాఫ్‌మన్ అనే స్విస్ రసాయన శాస్త్రవేత్త దాన్ని పుట్టగొడుగు నుంచి విడదీశాడు. కడుపులోకి పోయాక అది సిలోసిన్‌గా మారి, మెదడులో సెరటోనిన్ అనే రసాయనం కూర్చునే చోట కూర్చుంటుంది. నాలుగు నుంచి ఆరు గంటలు లేవదు. రంగులు కదులుతాయి, నేను అనేది కరుగుతుంది, కాలం సాగుతుంది. ఈ మూడోది మన క్యూ కంపార్టుమెంట్లలో ఉచితం. కొందరికి వాంతి, కొందరికి చెప్పలేనంత భయం. ఇంట్లో మతిభ్రమణం ఉన్నవాళ్లు దాని జోలికే పోకూడదు. అడవిలో ఏరుకున్నది విషపుదైతే దేవుడి దగ్గరికి పోయే మాట నిజమే, కాకపోతే తిరుగు టికెట్టు ఉండదు.

దర్శనంలో ఏం కనపడుతుందన్నది ఇంకో ముచ్చట. 16వ శతాబ్దంలో సహగూన్ అనే స్పెయిన్ మతగురువు రాసిపెట్టాడు. మెక్సికోని అంతకుముందు ఏలిన ఆజ్‌టెక్ జనంలో వర్తకులు విందులో వీటిని తేనెతో తినేవారట. ఒకడికి తను ధనవంతుడైనట్టు, ఒకడికి యుద్ధంలో పట్టుబడినట్టు, ఒకడికి మృగం తినేసినట్టు కనపడేదట. మత్తు దిగాక కూర్చుని ఒకరికొకరు చెప్పుకునేవారు. దేవుడి ముందు నిలబడినా కళ్లలో ఆస్తులే ఆడుతుంటాయని మన హుండీకీ తెలుసు.

1962 గుడ్ ఫ్రైడే నాడు బోస్టన్‌లో ఇంకాస్త పద్ధతిగా చేశారు. ఇరవై మంది మతవిద్యార్థుల్ని ప్రార్థనకి కూర్చోబెట్టి, పదిమందికి సిలోసిబిన్, పదిమందికి ఉత్త బి విటమిన్ ఇచ్చారు. మందు పడ్డవాళ్లలో ఎక్కువమందికి దివ్యానుభూతి కలిగింది. ఒకడు మాత్రం వీధిలోకి పరుగెత్తితే పట్టుకొచ్చి మత్తు దిగే ఇంజెక్షన్ ఇచ్చారు. విటమిన్ పడ్డవాళ్లకి ఒళ్లు వెచ్చబడింది, అంతే.

ఇవన్నీ చూసి మన ఊళ్లోనే పుట్టగొడుగు దర్శనం పెట్టడానికి నేనొక ముసాయిదా తయారుచేశాను. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం సిలోసిబిన్‌ని నిషేధించింది కనుక తినడం ఎలాగూ ఉండదు. మిగతా హంగులన్నీ ఉంటాయి. మజాటెక్ పద్ధతిన రోగిని తీసుకురావాలి, బ్రహ్మచర్యానికి ఆధార్ జతచేయాలి, రాత్రంతా చీకట్లో కదలకుండా కూర్చోవాలి. లీలామహల్ కుర్రాళ్లకి చదివి వినిపించాను. అన్నిటికీ తలాడించారు. బ్రహ్మచర్యం దగ్గర ఒకడు నసిగాడు గానీ సర్దుకున్నాడు.

ఫోన్లు కౌంటర్లో పెట్టి లోపలికి పోవాలన్నాను.

"అయితే వద్దులే సార్" అని గ్లాసులు పెట్టేసి, మూడు వందల టికెట్టు ఎవరిస్తారో కనుక్కోడానికి లేచారు.