పేరు పెట్టిన నాన్న గురించి కూడా రాయండి

ఫుట్‌బాల్ ఆటగాళ్ల వింత పేర్ల మీద మీరు వేసిన వ్యాసం సరదాగా ఉంది. బ్రెజిల్ ఆటగాడి పేరు మహాత్మా గాంధీ అని చదివి కావలిలో మా ఫ్రెండ్స్ అందరం హాయిగా నవ్వుకున్నాం. అయితే గ్రీకు తత్వవేత్త పేరున్న ఆటగాడు సోక్రటీస్‌ను ఒక్క లైన్‌లో తేల్చేయడం నాకు నచ్చలేదండీ. 1982 ప్రపంచకప్‌లో బ్రెజిల్ కెప్టెన్ ఆయన, పైగా చదువుకున్న డాక్టర్. వాళ్ల నాన్నకు పుస్తకాలంటే ప్రాణం. అందుకే ఆయనకు ఆ పేరు, తమ్ముళ్లకు సోస్తెనీస్, సోఫోక్లీస్ అని గ్రీకు పేర్లే పెట్టారు. ఇంకో తమ్ముడు రాయి 1994లో కప్పు గెలిచిన జట్టులో ఉన్నాడు.

ఇది మనకు కొత్తేం కాదు. కమ్యూనిస్టు నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య గారు పుట్టిన నెల్లూరు జిల్లా మాది. లెనిన్, స్టాలిన్ అనే పేర్లు ఇక్కడ వింటే ఎవరూ ఆశ్చర్యపోరు. పెంచలకోన స్వామి పేరుతో పెంచలయ్యలైతే వీధికొకరు. బయటివాళ్లు ఆ పేరు విని నవ్వితే మాత్రం నాకు కోపం వస్తుంది.

ఇక బ్రెజిల్ ఆటగాడే అయిన కాకా అసలు పేరు రికార్డో. తమ్ముడికి నోరు తిరగక అలా పిలిస్తే అదే స్థిరపడిపోయింది. ఈ ముక్క వ్యాసంలో ఉండాల్సింది. ఇంకో బ్రెజిల్ ఆటగాడు హల్క్‌ను కూడా వదిలేశారు, ఆయన అసలు పేరు గివనిల్డో. రెండో భాగం రాస్తే ఇవి తప్పకుండా చేర్చండి.