ఇంజిన్ మీది స్టాంపుగారికి

అయ్యా స్టాంపుగారూ,

నమస్కారాలు. మీరంటే ఫ్యాక్టరీలో ఇంజిన్ మీద కొట్టిన నాలుగు అక్షరాలు, అంకెలు; బండిలో ఉన్నది దాని అసలు ఇంజినో కాదో చెప్పే సాక్షి. మీ నివాసం పాత షెవర్లే వీ8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజిన్ ముందువైపు, కుడి సిలిండర్ హెడ్‌కి ఆనుకుని ఉన్న వేలెడంత జాగా. మీ దర్శనం కావాలంటే నడుం వంచి, ఆల్టర్నేటర్ సందులోంచి టార్చి వేసి, యాభై ఏళ్ల జిడ్డు తుడవాలి. మిషిగన్ కార్ల మేళాల్లో గుళ్లో కూడా తల వంచని పెద్దమనుషులు మీ ముందు సాగిలపడటం కళ్లారా చూశాను.

షెవర్లే వాళ్ల 1970 షెవెల్ ఎస్ఎస్ 454 కారు బానెట్ ఎత్తితే టీ0212సీఆర్‌వీ అని కనిపించిందనుకోండి. టీ అంటే న్యూయార్క్ రాష్ట్రంలోని టోనవాండా ఫ్యాక్టరీ. 0212 అంటే ఇంజిన్ బిగించిన రోజు, ఫిబ్రవరి 12. సీఆర్‌వీ అంటే 450 హార్స్‌పవర్ ఎల్ఎస్6 ఇంజిన్, మాన్యువల్ గేర్లతో. అదే సీఆర్ఆర్ అయితే ఆటోమేటిక్. ఇన్ని చెప్పిన మీకు ఏడాది చెప్పడానికి మాత్రం నోరు రాలేదు! దానికి బ్లాకు (ఇంజిన్ మొండెం) మీద దాన్ని పోత పోసిన తేదీ వెతుక్కోవాలి. అక్కడ ఏ అంటే జనవరి, బీ అంటే ఫిబ్రవరి, చివర్లో ఏడాదికి ఒకే ఒక్క అంకె. సున్నా ఉంటే 1970 కావచ్చు, 1980 కూడా కావచ్చు. సరే, ఆ కాలపు 454 బ్లాకుల పోత నంబరు 3963512 ఉందో లేదో చూసి కాస్త ఊపిరి పీల్చుకుంటాం.

పోనీ ఛాసిస్ నంబరుని అడుగుదామా? 1972కి ముందు షెవర్లే నంబరు ‘లోపల వీ8 ఉంది’ అంటుందే తప్ప ఏ వీ8 అన్నది చెప్పదు. క్రైస్లర్‌ వాళ్లే నయం. 1970 బండి నంబరులో ఐదో అక్షరం ఆర్ అయితే లోపలున్నది 426 హెమీ ఇంజిన్ అని తేల్చేస్తారు.

అసలు మీరు పుట్టింది ఏ ఇంజిన్ ఏ బండిలోకి వెళ్లాలో లైన్లో పనివాడికి తెలియడానికి. 1968 నుంచి ఛాసిస్ నంబరు ముక్క కూడా ఇంజిన్ మీద కొట్టించింది దొంగల భయంతో. ఇప్పుడు మీ పేరు చెప్పుకునే దొంగలు బతుకుతున్నారు. బ్లాకు పైభాగం చదును చేయిస్తే మీరు గల్లంతు. మర్నాడే కొత్త అచ్చులు, సుత్తి పట్టుకుని ఎవరో ఒకరు తయారు. ఫ్యాక్టరీలో బ్లాకు పైభాగం చెక్కేటప్పుడు పడే బ్రోచింగ్ గీతలు ముందు నుంచి వెనక్కి సన్నగా సాగుతాయని మేం కనిపెట్టాం. వాళ్లు ఇసుక కాగితంతో ఆ గీతలూ గీసేశారు. చివరికి ఒక అక్షరం లోతుగా, ఒకటి పైపైన, ఒకటి పక్కకి ఒరిగి ఉంటేనే మాకు నమ్మకం. చక్కగా వరుసలో కనిపించారో, టెన్షన్ మొదలు.

మొన్న ఒకాయన ‘నంబర్లన్నీ కలిశాయి సార్’ అని పిలిచాడు, జాతకాలు కుదిరాయని కబురు పెట్టే పెళ్లిళ్ల పేరయ్యలా. వెళ్లి చూస్తే బాడీ ప్లేటు మీద 02బీ, అంటే బాడీ తయారైంది ఫిబ్రవరి రెండో వారం. మీ ఒంటి మీద మార్చి 19. బండి కన్నా నెల చిన్నది ఇంజిన్!

‘అప్పటిదాకా ఇంజిన్ లేకుండానే తిరిగిందా?’ అన్నాను.

‘ముందు నడిపి చూడండి సార్, తర్వాత మాట్లాడండి’ అన్నాడు.

నడిపాను. పులిలా దూకింది. అంత మంచి బండిని నేనింతవరకు నడపలేదు.

కొనలేదు. ఆయన మూడుసార్లు ధర తగ్గించినా కొనలేదు. మీవల్లే.

ఇట్లు,
ఇంకా టయోటాలోనే తిరుగుతున్న మీ భక్తుడు