గాలిలో దీపం

తిరుపతిలో సొంతిల్లు ఉన్నవాడికి దేశమంతా బంధువులే. "ఊరికే పలకరిద్దామని చేశాను" అంటూ ఫోను మొదలవుతుంది. పిల్లల చదువులు, మోకాళ్ల నొప్పులు, వానలు అన్నీ అయ్యాక, పెట్టేసే ముందు అసలు మాట వస్తుంది. "మీరు అక్కడే ఉంటారు కదా, దర్శనానికి ఏమైనా..."

అక్కడే ఉండడానికీ దర్శనానికీ మధ్య ఎంత దూరమో బైరాగిపట్టెడలో మా మేడ మీద నిలబడితే తెలుస్తుంది. శేషాచలం కొండ చెయ్యి చాపితే అందేటట్టే ఉంటుంది. 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్టు మాత్రం విశాఖపట్నంలో ఉన్నవాడికి ఎంత దూరమో నాకూ అంతే దూరం. ఉదయం 10 గంటలకు ఆన్‌లైన్‌లో విడుదల చేస్తారు. నాకూ అదే గడియారం, మా బావమరిదికీ అదే గడియారం. అయినా కొండకు దగ్గరగా ఉన్న కంప్యూటర్‌కు టికెట్లు ముందు కనిపిస్తాయని అతని గట్టి నమ్మకం. "మీ చేతి మీదుగా అయితేనే అవుతుంది బావగారూ" అన్నాడు. మా ఆవిడ పక్కనే ఉంది. ఇక నేను కాదనేదేముంది!

ఆ రోజు తొమ్మిదిన్నరకే స్నానం చేసి, హాల్లో కిటికీ పక్కన బల్ల మీద ల్యాప్‌టాప్ తెరిచి కూర్చున్నాను. ఆరుగురి ఆధార్ నంబర్లు కాగితం మీద వరుసగా రాసి పెట్టుకున్నాను. సరిగ్గా పదికి వరుసలోకి తీసుకున్నారు. నా వంతు రావడానికి ఇంకా పన్నెండు నిమిషాలని చూపించింది. తొమ్మిది, ఏడు, నాలుగు... నాలుగు దగ్గర చక్రం తిరగడం మొదలుపెట్టింది. అలా తిరుగుతూనే ఉంది. వైకుంఠం క్యూ కాంప్లెక్సులో కూర్చోబెడితే పాలు, ఉప్మా అయినా ఇస్తారు. ఇక్కడ చక్రం చూసుకుంటూ కూర్చోవడమే.

తెర కింది మూలన విసనకర్రలా ఉండే వైఫై గుర్తు లేదు. దాని చోట చిన్న భూగోళం వచ్చి కూర్చుంది. ప్రపంచంతో సంబంధం తెగిపోయిందని చెప్పడానికి ఏకంగా ప్రపంచం బొమ్మే పెట్టిన మహానుభావుడెవరో గానీ, అతనికి ఒక నమస్కారం. రౌటర్ ఆర్పి, వెలిగించి, మళ్లీ లోపలికి వెళ్లేసరికి ఆ నెల టికెట్లు అయిపోయాయి.

ఒక్క టికెట్ల సంగతైతే ఇంత రాసేవాడిని కాదు. నాది లెక్కల పని. గాంధీ రోడ్డు చుట్టుపక్కల నాలుగైదు పాత్రల దుకాణాలకు, రెండు లాడ్జీలకు జీఎస్టీ లెక్కలు దాఖలు చేస్తాను. నెలలో 11వ తేదీ ఒక గండం, 20వ తేదీ ఇంకొకటి. అలాంటి రోజుల్లో పట్టిక సగం నింపాక భూగోళం ప్రత్యక్షమైతే ఎలా ఉంటుందో, పీటల మీద కూర్చున్నాక మంగళసూత్రం కనిపించకుండా పోయిన పురోహితుణ్ణి అడగండి. రోజుకు నాలుగుసార్లు, అయిదుసార్లు అలా జరిగేది.

చిత్రమేమిటంటే రౌటర్ ఆర్పి వెలిగిస్తే వెంటనే బాగయ్యేది. హాల్లో తలుపు పక్కన స్విచ్ బోర్డు ఉంది. అందులో ఒకటి రౌటర్‌ది, దాని పక్కది ల్యాప్‌టాప్ చార్జర్‌ది. రౌటర్ స్విచ్చు ఆర్పుతాను, పది అంకెలు లెక్కపెడతాను, వెలిగిస్తాను. పక్కది ఆరిపోయి ఉంటే దాన్నీ నొక్కి వస్తాను. రెండు నిమిషాల్లో విసనకర్ర వచ్చేది. కాబట్టి దోషి రౌటరేనని ఎలాంటి విచారణా లేకుండా తీర్పు ఇచ్చేశాను.

బెంగళూరులో ఉద్యోగం చేసే మా అబ్బాయి ఫోనులో ఒకే ప్రశ్న అడిగాడు. "మీ ల్యాప్‌టాప్‌లో పోయినప్పుడు అమ్మ ఫోనులో వస్తోందా నాన్నా?" వస్తోంది. లక్షణంగా వస్తోంది. నేను భూగోళం వంక చూస్తున్న సమయంలోనే మా ఆవిడ వంటింట్లో గుత్తివంకాయ వీడియో నిరాటంకంగా చూస్తోంది. "అయితే రౌటర్ మంచిదే, మీ ల్యాప్‌టాపే..." అని ఆగాడు. తండ్రి వస్తువు కాబట్టి మిగతాది మింగేశాడు.

పాత కనెక్షన్ మరిచిపొమ్మని ల్యాప్‌టాప్‌కు చెప్పి, పాస్‌వర్డ్ మళ్లీ కొట్టమన్నాడు. ఆ పాస్‌వర్డ్ రౌటర్ అడుగున, చీమలు బారు తీరినట్టు, పదహారు అక్షరాల్లో ఉంటుంది. పది రోజుల క్రితమే 1,800 రూపాయలు పోసి కొత్త కళ్లద్దాలు చేయించుకున్నాను, అయినా అందులో ఉన్నది సున్నానో ఇంగ్లీషు 'ఓ'నో తేలలేదు. మా అమ్మ పంచాంగం చూసుకునే భూతద్దం తెచ్చింది. "ఇది సున్నాయే నాయనా, పొట్ట సన్నంగా ఉంది" అంది. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి చెప్పింది నిజమే అయింది. కనెక్షన్ వచ్చింది. నలభై నిమిషాలు ఉంది.

ఇంకోసారి పోయినప్పుడు మా అబ్బాయి నల్ల తెర ఒకటి తెరిపించి అంకెలు చదవమన్నాడు. 169.254 అని మొదలయ్యాయి. రౌటర్ చిరునామా ఇవ్వకపోతే ల్యాప్‌టాప్ తానే అలాంటిదొకటి రాసిపెట్టుకుంటుందట. పిలుపు అందకపోయినా పెళ్లికి వెళ్లి, తానే వరుస కలుపుకుని బంతిలో కూర్చునే మనిషి లాంటిదన్నమాట. తర్వాత వైఫైని నడిపే సాఫ్ట్‌వేర్, డ్రైవర్ అంటారట, అది కొత్తది వేయమన్నాడు. ఇంటర్నెట్ నిలబడాలంటే డ్రైవర్ మార్చాలి, డ్రైవర్ దిగాలంటే ఇంటర్నెట్ నిలబడాలి. పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు, పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు. మూడు రోజులు తంటాలు పడి ఎలాగో మార్చాను. ఫలితం లేదు.

ఈ లోపు సంగతి వీధిలో పాకింది. ఎదురింటి పెద్దాయన రెవెన్యూ శాఖలో పనిచేసి రిటైరయ్యారు. వాస్తు ఆయనకు విశ్రాంత జీవితపు వ్యాపకం. వచ్చి నాలుగు మూలలూ చూసి, "కరెంటు అంటే అగ్ని. అగ్నిని తీసుకెళ్లి వాయవ్యంలో పెడితే గాలికి ఆరిపోదూ? ఆగ్నేయానికి మార్చండి" అన్నారు. చెప్పడంలో ఎంత ధీమా అంటే, మార్చేశాను. మా ఇంట్లో ఆగ్నేయం వంటగది. రౌటర్‌కు అక్కడ దొరికిన చోటు మైక్రోవేవ్ ఓవెన్ నెత్తి మీద. ఆ ఓవెన్ పనిచేసేది 2.45 గిగాహెర్ట్జ్ దగ్గర, మా పాత రౌటర్ మాట్లాడేది 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలో. అంటే సన్నాయి నొక్కులు వినాలని వెళ్లి డోలు పక్కన కూర్చున్నట్టు. అప్పటిదాకా నా ఒక్కడికే పోయే వైఫై, పాలు వేడి పెట్టినప్పుడల్లా ఇంటిల్లిపాదికీ పోవడం మొదలైంది. గుత్తివంకాయ మధ్యలో ఆగింది. ఆ సాయంత్రమే అగ్నిదేవుణ్ణి తిరిగి వాయవ్యానికి సాగనంపారు.

తర్వాత రిపేరు కుర్రాడు వచ్చాడు. చురుకైనవాడు. ఫోనులో ఏదో తెరిచి మా వీధిలో ఎన్ని వైఫైలు ఉన్నాయో చూపించాడు. ఇరవై మూడు! ఒకరి పేరు 'గోవిందా గోవిందా', ఒకరిది 'అడిగితే ఇవ్వను', మా ఎదురింటి వారిది 'ఈశాన్యం'. "అందరూ ఒకే చానల్లో తోసుకుంటున్నారు సార్. ఒకటి, ఆరు, పదకొండు, ఈ మూడే ఒకదాని మీద ఒకటి పడకుండా ఉండేవి" అని మాది పదకొండుకు మార్చాడు. రౌటర్‌కూ ల్యాప్‌టాప్‌కూ మధ్య ఇనుప బీరువా ఉందని, దాన్ని జరిపించాడు. పని మొదలుపెట్టే ముందే, "ఛార్జింగ్ తక్కువగా ఉంది, పెట్టుకుందాం సార్" అని చార్జర్ స్విచ్చు నొక్కి, బోర్డు పక్కనే నిలబడ్డాడు. గంటన్నర ఉన్నాడు. వైఫై రెప్ప వేయలేదు. డాక్టరు గదిలోకి వెళ్లగానే దగ్గు మానేసే పిల్లవాడిలా బుద్ధిగా ఉంది. అయిదు వందలు తీసుకుని వెళ్లాడు. వాడి బండి వీధి మలుపు తిరిగిందో లేదో, భూగోళం.

ఇక మిగిలింది లెక్క రాయడమే, అది నాకు చేతనైన పని. ఏ రోజు ఏ సమయానికి పోయిందో చిట్టా మొదలుపెట్టాను. ఉదయం 6:20. తర్వాత 9:50, పది గంటల ప్రాంతం తప్పకుండా. మధ్యాహ్నం భోజనాలు అయ్యాక ఒకటి. సాయంత్రం 6:10, దీపాల వేళ. వారం రోజుల పట్టిక చూస్తే గుడిలో నైవేద్యం వేళల్లా ఉంది. ఏ యంత్రమైనా ఇంత నియమంగా చెడిపోతుందా అని ఆలోచిస్తూ ఉండగా, మా అమ్మ చిత్తూరులో పిన్ని మనవరాలి పెళ్లికి వెళ్లింది.

మూడు రోజులు. ఒక్కసారి పోలేదు. బీరువా జరపడమే మందని నిర్ధారించుకుని, రిపేరు కుర్రాడికి మనసులో క్షమాపణ చెప్పుకున్నాను. నాలుగో రోజు సాయంత్రం అమ్మ బస్సు దిగి వచ్చింది, కాళ్లు కడుక్కుంది, దీపం పెట్టింది. 6:10కి భూగోళం.

ఇప్పుడు నా పరిస్థితి ఆలోచించండి. చిట్టా చూపించి, "అమ్మా, నువ్వు ఇంట్లో ఉంటే ఇంటర్నెట్ ఉండడం లేదు" అని ఏ కొడుకు అనగలడు? పైగా మా ఆవిడ ముందు! మెల్లగా, "ఈ ల్యాప్‌టాప్‌ను ఏమైనా కదిలించావా అమ్మా?" అన్నాను. "దాని జోలికే పోలేదు. కాణిపాకం వినాయకుడి మీద ఒట్టు" అంది. ఉమ్మడి చిత్తూరు జిల్లాలో ఆ మాట తర్వాత ఇక విచారణ ఉండదు. వరసిద్ధి వినాయకుడి ఎదుట అబద్ధం చెప్పడానికి కోర్టులో చెప్పేవాళ్లు కూడా జంకుతారు.

మరునాడు దినపత్రిక అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. 9:45కి అమ్మ తులసికోట దగ్గర నుంచి లోపలికి వచ్చింది. చెంబు కింద పెట్టింది. తడి చెయ్యి కొంగుకు తుడుచుకుంది, ఒక్కొక్క వేలూ విడివిడిగా, తొందర లేకుండా. హాలు దాటుతూ, అటు చూడకుండానే, పూజలో గంట అందుకున్నంత సహజంగా చూపుడు వేలు బోర్డు మీదికి వెళ్లింది. టిక్. ఫ్యాను స్విచ్చు. టిక్. చార్జర్ స్విచ్చు. రౌటర్ స్విచ్చును మాత్రం వేలు గౌరవంగా దాటిపోయింది. దాన్ని ఆర్పితే మనవడు వీడియోలో కనిపించడని ఎప్పుడో చెప్పాను, గుర్తుంది. వంటింట్లోకి వెళ్లిపోయింది. ప్రమాణం అక్షరాలా నిజం. ల్యాప్‌టాప్‌ను ముట్టుకోలేదు.

టిక్ మనగానే నా తెర కాస్త మసకబారింది. అప్పుడు గుర్తొచ్చాయి నా కొత్త కళ్లద్దాలు. నెల రోజులుగా తెర ఉండి ఉండి మసకబారుతోందని, చూపు మారిందని అనుకుని నేను కంటి డాక్టరు దగ్గరికి వెళ్లింది దీని కోసమే. 1,800!

రాత్రి మా అబ్బాయికి చెబితే అరగంటలో కథంతా విప్పాడు. కరెంటు అందుతున్నంతసేపూ మా ల్యాప్‌టాప్ వైఫైని పూర్తి బలంతో నడుపుతుంది. బ్యాటరీ మీద పడగానే పొదుపు మొదలు. "నేను కాస్త కునుకు తీస్తాను, నాకేమైనా వస్తే పట్టి ఉంచు" అని రౌటర్‌కు చెప్పి, మధ్య మధ్య లేచి చూసుకుంటుంది. రౌటర్ సెకనుకు పదిసార్లు దండోరా వేసి, ఎవరి సరుకు తన దగ్గర ఉందో చెబుతుంది. ఫోన్లూ ఇలాగే కునుకు తీస్తాయి, వాటికి ఏ ఇబ్బందీ లేదు. మా పాత ల్యాప్‌టాప్‌కూ పాత రౌటర్‌కూ మాత్రం ఈ ఒప్పందం పొసగలేదు. ఇది లేచేసరికి అది దీన్ని మరిచిపోతుంది. నేను రౌటర్‌తో పాటు పక్క స్విచ్చునూ నొక్కేవాణ్ణి కాబట్టి రోగం కుదిరేది, పేరేమో రౌటర్‌కు దక్కేది.

మందు రెండు నిమిషాల పని. పవర్ సెట్టింగుల లోపల్లోపల, వైర్‌లెస్ అడాప్టర్ అన్న చోట, బ్యాటరీ మీద ఉన్నప్పుడు మధ్యస్థ పొదుపు అని ఉంది. దాన్ని పూర్తి సామర్థ్యానికి మార్చాను. అంటే నా ల్యాప్‌టాపూ మా అమ్మా ఇన్నాళ్లూ ఒకే పని చేస్తున్నారు. ఆవిడ కరెంటు పొదుపు చేస్తే, ఆ పొదుపు చూసి అది ఇంకాస్త పొదుపు చేసింది.

"వంద నిండిందని నువ్వే అన్నావు కదా నాయనా. నిండిన బిందె కింద కుళాయి తిప్పి ఉంచుతామా?" అంది అమ్మ. సమాధానం దొరకలేదు. అయినా బ్యాటరీ పాతది, గంటకు మించి ఆగదు. అందుకని చార్జర్ స్విచ్చు పక్కన తెల్ల కాగితం ముక్క అంటించి, పెద్ద అక్షరాలతో 'ఆర్పకూడదు' అని రాశాను. అమ్మ భూతద్దం పెట్టి చదివి, సరేనంది. ఆ రోజు నుంచి దాన్ని ముట్టుకోలేదు. వైఫై ఇరవై రోజులు గడప దాటలేదు. 20వ తేదీ లెక్కలు 18వ తేదీకే దాఖలు చేసి, నాలో నేనే మురిసిపోయాను.

నిన్న మళ్లీ టికెట్ల రోజు. తొమ్మిదిన్నరకు స్నానం, ఆరుగురి ఆధార్ కాగితం. చార్జర్ వెలుగుతోంది. విశాఖ నుంచి బావమరిది ఫోనులో ఊపిరి బిగబట్టి ఉన్నాడు. పదికి వరుసలో ప్రవేశం, తొమ్మిది నిమిషాలు. ఆరు. మూడు.

టిక్.

భూగోళం. తల తిప్పి చూశాను. రౌటర్ మీద ఒక్క దీపమూ లేదు. అమ్మ కొంగుకు చెయ్యి తుడుచుకుంటూ బోర్డు పక్కనే నిలబడి ఉంది.

"అమ్మా! అది రౌటర్‌ది!"

అమ్మ వంగి, బోర్డును ఒకసారి పరిశీలనగా చూసింది.

"దీని పక్కన కాగితం లేదు కదా నాయనా" అంది.