అబ్యేకి ఇచ్చిన మాట

ఇద్దరు కలిసి ఒప్పందం మీద సంతకాలు చేసి, దాన్ని ఏళ్ల తరబడి అటకెక్కిస్తే శిక్ష ఎవరికి పడాలి? సంతకం చేసినవారికా, ఆ సంతకాన్ని నమ్ముకున్న పల్లెలకా? ఐక్యరాజ్యసమితి భద్రతామండలి తీరు చూస్తే పల్లెలకే అని అర్థమవుతోంది. అబ్యే, సూడాన్, దక్షిణ సూడాన్‌ల మధ్య ఎవరిదో తేలని సరిహద్దు నేల. 2025 నవంబరులో అక్కడి శాంతి పరిరక్షక దళం గడువును మరో ఏడాది పొడిగిస్తూ మండలి ఒక మెలిక పెట్టింది. సూడాన్, దక్షిణ సూడాన్ కలిసి అబ్యేకి ఉమ్మడి పోలీసు దళాన్ని ఏర్పాటు చేయాలి, తమ సాయుధ బలగాలను అక్కడి నుంచి పూర్తిగా తీసేయాలి. ఆ దిశగా కంటికి కనిపించే పురోగతి ఉంటేనే మళ్లీ పొడిగింపు గురించి ఆలోచిస్తారట. వినడానికి సబబుగానే ఉంది. కానీ ఈ రెండూ 2011 జూన్‌లో అడిస్ అబాబాలో ఒప్పుకున్న పనులే. పద్నాలుగేళ్లుగా చేయనివారు, అందులోనూ ఒకరు అంతర్యుద్ధంలో మునిగి ఉండగా, పన్నెండు నెలల్లో చేసి చూపిస్తారని మండలిలో ఎవరు నమ్ముతున్నారు? చేయకపోతే దళం సర్దుకుని వెళ్లిపోతుంది. సూడాన్ రాజధాని ఖార్టూమ్‌కి దానివల్ల పోయేదేమీ లేదు, దక్షిణ సూడాన్ రాజధాని జూబాకీ లేదు. పోయేది అబ్యేలో ఉండే న్గోక్ డింకాల ప్రాణాలు.

దక్షిణ సూడాన్ డింకా జాతిలో ఉత్తరాన ఉన్న శాఖల్లో వీరిదొకటి. తొమ్మిది తెగలు, కిర్ నది చుట్టూ పదివేల చదరపు కిలోమీటర్ల పైచిలుకు నేల. వానాకాలంలో మెరక ఊళ్లలో జొన్న వేసుకుంటారు. వానలు వెనక్కి తగ్గాక మందలను తోలుకుని నది పల్లపు పచ్చికలోకి దిగుతారు. సాయంత్రం పేడకుప్పలు రాజేసి, ఆ పొగలో పశువులను గుంజలకు కట్టేస్తారు, దోమలూ జోరీగలూ దరిచేరకుండా. తెల్లారాక ఆ బూడిదనే ఒంటికీ ఎద్దుకూ రాస్తారు. ఎదిగిన కుర్రవాడికి ఇంటివాళ్లు ఒక ఎద్దునిస్తే, దాని ఒంటి రంగును బట్టే అతనికి ఇంకో పేరు వస్తుంది, దాని మీద అతను పాట కడతాడు. పెళ్లికి ఓలి పశువులే, హత్యకు పరిహారమూ పశువులే. అందుకే ఒక మందను తోలుకుపోతే పాడి పోవడంతో ఆగదు. కుదిరిన పెళ్లిళ్లు ఆగిపోతాయి, తీరిన పగలు మళ్లీ లేస్తాయి. అబ్యే మీద నివేదికలు రాసే దౌత్యవేత్తలు ‘పశువుల అపహరణ’ అని ఒక గడిలో అంకె వేసి వదిలేస్తారు. ఆ గడి వెనుక ఇంత ఉంది.

1905లో బ్రిటిష్ అధికారులు ఈ తొమ్మిది తెగలనూ దక్షిణాది బహ్ర్ అల్ గజల్ నుంచి విడదీసి ఉత్తరాది కోర్డోఫాన్‌లో కలిపారు. ఉత్తరం నుంచి దాడులు జరుగుతున్నాయి, అందరినీ ఒకే పాలన కిందకు తెస్తే అదుపు చేయడం తేలికని వాదన. కొంతకాలం అది నడిచింది కూడా. న్గోక్ పెద్ద డెంగ్ మజోక్, ఉత్తరాది అరబ్బు పశుపాలకులైన మిసేరియాల పెద్ద బాబో నిమర్ ఒకరి మాట ఒకరు నిలబెట్టినన్నాళ్లు మేత తగవులు రచ్చబండ దగ్గరే తేలిపోయేవి. దేశంలో అంతర్యుద్ధం రాజుకున్నాక ఆ సఖ్యత నిలవలేదు. 1965లో బాబనూసాలో డింకాలను సజీవంగా తగలబెట్టారు. ఎనభైల్లో ఖార్టూమ్ పాలకులు మిసేరియా, మరో అరబ్బు తెగ రిజైగాత్ యువకులకు తుపాకులిచ్చి మురాహలీన్ ముఠాలుగా డింకా ఊళ్ల మీదికి తోలారు. 1987 మార్చిలో అద్ దయీన్ రైల్వే స్టేషన్లో, ప్రాణభయంతో రైలుపెట్టెల్లోకి ఎక్కిన డింకాలను ఆ పెట్టెల్లోనే కాల్చేశారు. ఉత్తరాదిలో ఉండాలా, దక్షిణాదిలో చేరాలా తేల్చుకునే ఓటును అబ్యే ప్రజలు అడుగుతున్నది ఈ చరిత్రంతా మోసుకుంటూ.

ఆ ఓటు వారికి ఎన్నిసార్లు రాసిచ్చారో చూడండి. 1972 అడిస్ అబాబా ఒప్పందం, దక్షిణాదికి సాంస్కృతికంగా, భౌగోళికంగా చెందిన ప్రాంతాలు ప్రజాభిప్రాయ సేకరణతో తమ దారి తాము ఎంచుకోవచ్చని చెప్పింది. జరగలేదు. 1983లో సూడాన్ అధ్యక్షుడు నిమైరీ ఆ ఒప్పందాన్నే చించేశారు. తర్వాత ఇరవై రెండేళ్ల యుద్ధం. 2004 మేలో అబ్యే ప్రోటోకాల్, మరుసటి జనవరిలో సమగ్ర శాంతి ఒప్పందం వచ్చాయి. దక్షిణ సూడాన్ స్వాతంత్ర్యంపై ఓటు జరిగే రోజునే అబ్యే కూడా ఎటు ఉండాలో తేల్చుకుంటుందన్నారు. సరిహద్దు గీయడానికి నిపుణుల సంఘం వేశారు. 2005లో అది గీసిన గీతను ఖార్టూమ్ ఒప్పుకోలేదు. 2008 మేలో అబ్యే పట్టణం తగలబడింది. ఆ బూడిద ఆరకముందే ఇరుపక్షాలూ హేగ్‌లోని శాశ్వత మధ్యవర్తిత్వ న్యాయస్థానానికి వెళ్లాయి, తీర్పు ఏదైనా తలొంచుతామని రాసిచ్చాయి. 2009 జూలై 22న వచ్చిన తీర్పు అబ్యేను కుదించింది. ఉత్తరపు హద్దు కిందికి జరిగింది, హెగ్లిగ్ చమురు క్షేత్రం బయటికి పోయింది. నష్టం న్గోక్‌లదే. అయినా శిరసావహించారు. లాభపడ్డ ఖార్టూమ్ మాత్రం ఆ గీతను నేల మీద పాతనివ్వలేదు.

2011 జనవరి 9 వచ్చింది. దక్షిణాది అంతా వరుసల్లో నిలబడి ఓటేసింది, దాదాపు 99 శాతం మంది వేరుపడతామన్నారు, ప్రపంచం చప్పట్లు కొట్టింది. అదే రోజు జరగాల్సిన అబ్యే ఓటు వాయిదా. ఓటర్లు ఎవరన్నది తేలలేదని కారణం చెప్పారు. మే నెలలో సూడాన్ సైన్యం పట్టణాన్ని ఆక్రమించుకుంది, లక్ష మందికి పైగా కిర్ దాటి దక్షిణానికి పరుగెత్తారు. వాయిదా వేసినవాడు దండెత్తి వచ్చి నిలిస్తే మండలి చేసిందేమిటి? జూన్ 27న 4,200 మంది సైనికుల దళాన్ని పంపింది, ఓటు మాటను మాత్రం పక్కన పెట్టింది. 2012లో దక్షిణాఫ్రికా మాజీ అధ్యక్షుడు థాబో ఎంబెకీ నాయకత్వంలోని ఆఫ్రికన్ యూనియన్ బృందం, అక్కడ శాశ్వతంగా నివసించేవారితో 2013 అక్టోబరులో ఓటు పెట్టాలని ప్రతిపాదించింది. ఖార్టూమ్ కాదంది, ప్రతిపాదన అంతటితో ముగిసింది. ప్రతిసారీ ఇదే వరస. ఒప్పందాన్ని మన్నించిన పక్షం నష్టపోతుంది, వాయిదా వేసిన పక్షం ఇంకో ఏడాది సంపాదించుకుంటుంది.

2013 మే 4న న్గోక్ పెద్ద, డెంగ్ మజోక్ కుమారుడు కువోల్ డెంగ్ కువోల్ ఐక్యరాజ్యసమితి వాహనశ్రేణిలో తిరిగి వస్తుండగా మిసేరియా సాయుధులు దారి అడ్డగించి చంపేశారు. ఆయనతోపాటు ఇథియోపియా శాంతి సైనికుడూ నేలకొరిగాడు. నీలి జెండా కట్టిన బండిలో కూర్చున్న పెద్దమనిషినే కాపాడలేకపోయారు. ఆఫ్రికన్ యూనియన్ విచారణ సంఘం వేసింది. ఏళ్లు గడిచినా నివేదిక ప్రజల ముందుకు రాలేదు. ఆ అక్టోబరు చివర్లో న్గోక్‌లు తామే ఓటు పెట్టుకున్నారు. 99.9 శాతం దక్షిణ సూడాన్ వైపు. ఖార్టూమ్ గుర్తించలేదు. జూబా గుర్తించలేదు. ఆఫ్రికన్ యూనియన్ తప్పుపట్టింది. తొందరపడ్డారట! దాదాపు మూడేళ్ల ముందు జరగాల్సిన ఓటుకు తొందరేమిటి?

మిసేరియాలదీ పొట్టకూటి గోసే, కాదనం. ఎండాకాలం ముగ్లాద్ వైపు నీళ్లు అడుగంటితే కిర్ దాకా రాక తప్పదు. తాతల నాటి నుంచి వస్తున్నాం, మాకూ ఓటు కావాలంటారు. అయితే వారి మేత హక్కును 2004 ప్రోటోకాల్ కాపాడింది, అబ్యే ఎటు వెళ్లినా ఆ హక్కు పోదని హేగ్ తీర్పూ తేల్చింది. మేత హక్కు వేరు, ఓటు హక్కు వేరు. పాలమూరు గొల్లకుర్మలు ఏటా మందలతో ఊళ్లు దాటి వెళ్తారు, పొరుగు రైతు పిలిచి మరీ తన చేలో మంద కట్టించుకుంటాడు. అంతమాత్రాన ఆ ఊరు ఏ జిల్లాలో ఉండాలో తామే తేలుస్తామని వారు అనరు. పైగా అబ్యేలో ఈ రెండు జాతులనూ వదిలేస్తే బతకడం వాళ్లకు తెలుసు. పట్టణానికి ఉత్తరాన అమియెత్ సంతను 2016 నుంచి ఇరువైపుల పెద్దలూ కలిసి వేసుకున్న శాంతి కమిటీ నడుపుతోంది. ఉత్తరాది సరుకు అక్కడికే వస్తుంది, న్గోక్ ఇళ్ల పొయ్యిలు చాలావరకు దానితోనే వెలుగుతాయి. ఖార్టూమ్, జూబా చేయలేని పనిని ఆ సంతలోని వర్తకులు చేసి చూపారు. అడ్డుపడుతున్నది పశువుల కాపరులకన్నా వారి పేరు చెప్పుకుని చమురు లెక్కలు వేసుకునే ప్రభుత్వాలే.

జూబా గురించీ చెప్పాలి. దక్షిణ సూడాన్ అధ్యక్షుడు సాల్వా కిర్ స్వయంగా డింకా. స్వాతంత్ర్య పోరాటంలో న్గోక్ యువకులు ప్రాణాలు పెట్టారు, న్గోక్ నేత డెంగ్ అలోర్ అవిభక్త సూడాన్‌కు విదేశాంగ మంత్రిగా పనిచేశారు. అధికారం దక్కాక అబ్యే ఒక బేరంసారాల ముక్క అయిపోయింది. 2022 నుంచి దక్షిణపు హద్దులో అగోక్ చుట్టూ న్గోక్‌లకూ, వరాప్ రాష్ట్రపు ట్విచ్ డింకాలకూ మధ్య రక్తపాతం. ఒకే జాతి, ఒకే భాష. 2024 జనవరి ఆఖరున ట్విచ్ యువకులు, వారితో కలిసిన మరో జాతి నువేర్ సాయుధులు చేసిన దాడుల్లో 50 మందికి పైగా చనిపోయారు, వారిలో శాంతి సైనికులూ ఉన్నారు. హద్దు తేలని నేల మీద సొంతవాళ్లే కత్తులు దూస్తారు. సొంత పౌరుల మధ్య ఈ తగవునైనా తీర్చకుండా జూబా చోద్యం చూస్తోంది. ఉత్తరాన ఖార్టూమ్ బలగం డిఫ్రా చమురు క్షేత్రంలో, దక్షిణాన జూబా బలగం అగోక్ వైపు. రెండూ ఒప్పంద ఉల్లంఘనలే అని ఐక్యరాజ్యసమితి నివేదికలు మళ్లీ మళ్లీ రాస్తూనే ఉన్నాయి.

ఇప్పుడు అమెరికా సంగతి. భద్రతామండలిలో అబ్యే తీర్మానాల ముసాయిదా రాసేది ఆ దేశమే. 2004 ప్రోటోకాల్‌కు మూలమైన ప్రతిపాదనను తయారు చేసి ఇరుపక్షాల చేతిలో పెట్టిందీ ఆ దేశపు దూత జాన్ డాన్‌ఫోర్తే. చమురు ఆదాయంలో కేంద్రానికి 50 శాతం, దక్షిణాదికి 42, బహ్ర్ అల్ గజల్‌కూ, పశ్చిమ కోర్డోఫాన్‌కూ, న్గోక్‌లకూ, మిసేరియాలకూ తలా రెండు శాతం అంటూ పైసల దాకా పంచిన పత్రం అది. పైసలు అంత శ్రద్ధగా పంచినవారు, అందులోని ఓటు ఊసు ఈ మెలికలో ఎక్కడ పెట్టారు? ఉమ్మడి పోలీసు కావాలి, బలగాలు వెనక్కి పోవాలి. మంచిదే. అసలు మాట మిగిలిపోయింది. శాంతి దళాల ఖర్చు ఎల్లకాలం భరించలేమంటున్నారు. అబ్యే ఓటు సకాలంలో జరిపించి ఉంటే ఈ ఖర్చే ఉండేది కాదు.

ఈ మెలిక పెట్టిన తర్వాతి నెలలోనే ఏం జరిగిందో చూడండి. 2025 డిసెంబరు 8న, సూడాన్ సైన్యంతో యుద్ధం చేస్తున్న సాయుధ దళం ర్యాపిడ్ సపోర్ట్ ఫోర్సెస్ హెగ్లిగ్‌ను పట్టుకుంది. 13న సూడాన్ పట్టణం కదుగ్లీలో ఉన్న అబ్యే శాంతి దళపు సరుకుల స్థావరం మీద డ్రోన్లు పడి ఆరుగురు బంగ్లాదేశ్ సైనికులు బలయ్యారు, ఆ స్థావరాన్ని ఖాళీ చేయాల్సి వచ్చింది. యుద్ధం అబ్యే గడప దాకా వచ్చిన వేళ, కాపలా తీసేస్తామని తేదీ ముందే చెప్పడం ఎవరికి పనికొస్తుంది? ఆ తేదీ కోసం ఎదురుచూసే సాయుధులకు. రేపు ఇంకెక్కడైనా ఇద్దరు పాలకులు ఒప్పందం మీద సంతకం చేసి, ఊరు కాల్చి, ఓటు వాయిదా వేసి, చివరికి ప్రపంచం విసుగెత్తి వెళ్లిపోయే దాకా కాచుకుంటే చాలని తెలుసుకుంటారు. మొరాకో పట్టులో ఉన్న పశ్చిమ సహారా ఓటు కూడా 1991 నుంచి ఇలాగే పడి ఉంది. మరో అబ్యేకి, మరో సహారాకి మండలి తన చేతులతోనే బాట వేస్తోంది.

ఢిల్లీకి ఇది దూరపు వార్త కాదు. 2003లో ఓఎన్‌జీసీ విదేశ్ సూడాన్‌లోని గ్రేటర్ నైలు చమురు ప్రాజెక్టులో 25 శాతం వాటా కొన్నది. అదే ఏడాది సూడాన్ ముడిచమురు మంగళూరు రేవుకు చేరింది. హెగ్లిగ్ బావులతోపాటు అబ్యే లోపలి డిఫ్రా కూడా ఆ ప్రాజెక్టు పరిధిలోదే. 2023 జనవరిలో మన మహిళా సైనికుల ప్లటూన్ అబ్యేకి వెళ్లినప్పుడు విదేశాంగ శాఖ గర్వంగా ప్రకటించింది. గర్వపడాల్సిన విషయమే. అయితే చమురు తీసుకున్నాం, జవాన్లను పంపాం, మరి అబ్యే ఓటు గురించి నోరు తెరవడానికి ఏం అడ్డొచ్చింది? శాంతి దళాలకు మనుషులను పంపే దేశాల మాటకు విలువ ఇవ్వాలని ఏళ్లుగా అడుగుతున్న ప్రభుత్వం, ఆ మాట వాడాల్సిన చోట మౌనం పాటిస్తోంది. 2026 నవంబరులోగా మండలి ముందు మూడు విషయాలు స్పష్టంగా పెట్టాలి. షరతుల ఉల్లంఘనకు దళాన్ని వెనక్కి పిలవడం పరిష్కారం కాకూడదు, ఉల్లంఘించిన ప్రభుత్వాల మీదే ఆంక్షలుండాలి. హేగ్ గీతను నేల మీద పాతించాలి. శాశ్వత నివాసులతో అబ్యే ఓటుకు ఒక తేదీ రాయాలి. మన ఆడబిడ్డలను అంత దూరం కాపలాకు పంపి, వారు కాపాడుతున్న జనానికి ఇచ్చిన మాట గురించి అడగలేని విదేశాంగ శాఖ, ఆ ప్లటూన్ ఫొటోలు చూపించి ఇంకా ఎన్నాళ్లు గొప్పలు చెప్పుకుంటుంది?