పాత వంటగదిని గుత్తకిచ్చి పడగొట్టించకండి

ఇల్లు బాగుచేయించుకొనేవారు కొత్త వంటగది కోసం నెలల తరబడి నమూనాలు చూస్తారు గానీ, పాతదాన్ని ఎలా తీయించాలన్నది ఒక్కపూట కూడా ఆలోచించరు. చెన్నైలోని మా అయనావరంలో పాత ఇళ్ల పనులు జరుగుతున్న చోటల్లా ఇదే చూస్తున్నాను. పడగొట్టే పనిని మిగతా పనితో కలిపి గుత్తకిస్తారు. గుత్త తీసుకున్నవారికి ఎంత త్వరగా ముగిస్తే అంత మిగులుతుంది కాబట్టి మొదటి రోజే సమ్మెట లేస్తుంది. కూలీలను నిందించి లాభం లేదు, లోపం బేరంలోనే ఉంది.

చెన్నైలో పాత వంటగదుల గట్టు, అలమరల అరలు చాలాచోట్ల కడప బండలే. మన కడప సీమ గనుల్లోంచి వచ్చిన ఆ నల్లటి సున్నపురాయి మీద చింతపండు పులుసో నిమ్మరసమో పడితే అక్కడక్కడ తెల్లబారుతుంది. దాన్ని చూసి రాయి పాడైపోయిందనుకొని ముక్కలు చేయిస్తారు. ఆ మచ్చ పైపైదే. అరగదీసి నూనె పట్టిస్తే నలుపు మళ్లీ తేలుతుంది. మా ఇంట్లో బండలు తీసేటప్పుడు నేను దగ్గరుండి చూశాను. మేస్త్రీ ముందుగా బండ గోడలోకి చొచ్చుకుపోయిన అంచు వెంబడి సిమెంటును సన్న ఉలితో చెక్కి, గడ్డపార మొనను అడుగుకు దూర్చి కొద్దిగా లేపి, ఆ సందులో చెక్కముక్క పెట్టి రెండో చివరకు వెళ్లాడు. ఊడివచ్చిన బండను ఇద్దరు మనుషులు అంచుమీద నిలబెట్టి మోశారు, ఎందుకంటే పడుకోబెట్టి మోస్తే అది తన బరువుకే నడిమికి విరిగే ప్రమాదం ఉంది. సమ్మెటతో గంటలో అయ్యే పనికి ఒక పూట పట్టింది. ఆ బండలే ఇప్పుడు మా దొడ్లో బట్టలుతికే గట్టు. టేకు ద్వారబంధాలు, ఇత్తడి కుళాయిలు, ఇనుప కిటికీ ఊచలు కూడా ఇలాగే పదిలంగా తీస్తే పాత సామాను కొనేవారు మంచి ధర ఇస్తారు.

వస్తువుల సంగతి అటుంచి, ప్రాణాల సంగతి చూద్దాం. వంటగదిని హాలులో కలిపేయాలని అడ్డుగోడ తీయించడం ఇప్పుడు అందరి కోరిక. కాంక్రీటు స్తంభాల మీద నిలిచిన ఇంట్లో నాలుగున్నర అంగుళాల అడ్డుగోడ తీయడం వేరు. స్తంభాలు లేకుండా తొమ్మిది అంగుళాల గోడల మీదే కప్పు ఆనిన పాత ఇంట్లో గోడ తీయడం వేరు. టేకు దూలాల మీద ఇటుకలు పేర్చి వేసిన పాతకాలపు మద్రాసు మిద్దె అయితే ఆ దూలాల చివరలు ఆ గోడల్లోనే దిగి ఉంటాయి. అటువంటి గోడ మీద చేయి వేసే ముందు స్ట్రక్చరల్ ఇంజనీరును పిలిపించి చూపించడం తప్పనిసరి. పొగ పోవడానికి పెట్టిన పాత గొట్టంగానీ, పైకప్పు రేకుగానీ ఆస్‌బెస్టాస్‌దైతే దాన్ని పగలగొట్టకూడదు, రంపంతో కోయకూడదు. అందులోంచి లేచే సన్నని పోగులు ఊపిరితిత్తుల్లో చేరి క్యాన్సర్‌కు దారితీయగలవు. తడిపి, మేకులు ఊడదీసి, ముక్క కాకుండా దించాలి. గ్యాసు సిలిండరును బయటపెట్టి, ఆ గదికి కరెంటు, నీళ్లు కట్టేయడం సమ్మెట పట్టకముందే జరగాలి.

ఇక మిగిలేది మట్టి, పెళ్లలు. ఈ వ్యర్థాలను రోడ్ల మీద, కాలువల్లో పోయకూడదని 2016లోనే కేంద్రం నిబంధనలు తెచ్చింది. చెన్నైలో వీటిని శుద్ధిచేసే కేంద్రాలు పెరుంగుడి, కొడుంగైయూర్లలో ఉన్నాయి. అయినా రాత్రివేళ లారీ ఎక్కిన పెళ్లలు ఏ చెరువుగట్టునో తేలుతున్నాయి. చెన్నైలోని పళ్లికరణై చిత్తడినేల 2022లో, అంతర్జాతీయంగా ముఖ్యమైన చిత్తడినేలల రామ్‌సర్ జాబితాకు ఎక్కింది; వాన నీటిని పట్టి ఉంచే అటువంటి పల్లపు నేలలను పూడ్చుకుంటూ పోతే ఏమవుతుందో 2015 డిసెంబరు వరదల్లో ఇళ్లలోకి నీళ్లు వచ్చినవారికి నేను చెప్పనక్కర్లేదు. మన వంటగది పెళ్లలు ఎక్కడికి పోయాయో తెలుసుకోవలసిన బాధ్యత లారీవాడిది కాదు, ఇంటి యజమానిది.

అందుకే తీసే పనిని కట్టే పనితో కలపకుండా, రోజుకూలీ లెక్కన విడిగా మాట్లాడుకోండి. ఏ వస్తువును ముక్క కాకుండా తీయాలో సున్నంతో గుర్తు పెట్టించండి. పెళ్లలను అనుమతి ఉన్న చోట దించినట్టు రసీదు చూపిస్తేనే లారీ బాడుగ ఇస్తామని బేరంలోనే కాగితం మీద రాయించండి. నాలుగు రోజుల కూలి అదనంగా పడుతుందని వెనకాడేవారు, కొత్త వంటగది తలుపుల రంగు కోసం అంతకంటే ఎక్కువే వెచ్చిస్తున్నారు.