చెరువు కట్ట మీది ఇనుప రెయిలింగు గారికి

మహారాజశ్రీ రెయిలింగు గారి సముఖమునకు,
పరకాల రోడ్డు, చెరువు కట్ట, మూలమలుపు.

అయ్యా,

కుడి చెయ్యి మెడకు కట్టిన పట్టీలో ఉన్నందువల్ల ఈ లేఖను ఎడమచేతి బొటనవేలితో ఫోనులో రాస్తున్నాను, అచ్చుతప్పులుంటే మన్నించగలరు. నిన్న మధ్యాహ్నం సంబంధిత కార్యాలయం వరండాలో రెండున్నర గంటలు కూర్చున్న తరువాత లోపలికి పిలిచిన అధికారి నన్ను అడిగిన మొదటి ప్రశ్న, ‘మీరు గుద్దడం వల్ల రెయిలింగుకు ఏమైనా డ్యామేజీ అయిందా?’ అని. మీ క్షేమ సమాచారం ఆయనకు విన్నవించాను. మీలో ఒక్క బోల్టు కూడా వదులు కాలేదని, విరిగింది నా కాలర్ బోన్ మాత్రమేనని చెప్పగానే ఆయన ముఖం తేటపడింది.

బండి జారడంలో మీ తప్పేమీ లేదు. రోడ్డులో సగం మేర యాసంగి వడ్లు ఆరబోసి, చుట్టూ రాళ్లు పేర్చి ఉండగా, చెదిరిన గింజల మీద ముందు టైరు జారింది. తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో తూకం వేయరు కనుక ఆ రైతును కూడా ఏమీ అనలేను. బండి ఒక దిక్కు పోయింది, నేను మీ దిక్కు వచ్చాను.

నేల మీద జారుతూ వచ్చే మనిషికి మీరు కనబడే తీరే వేరు. కారులో పోయేవారికి అలలు తిరిగిన మీ ఇనుప పట్టీ భరోసాగా కనబడుతుంది. నాకు మాత్రం అది చూరులాగా తల మీదుగా దాటిపోయింది. దాని కింద మూరెడు ఖాళీ, ఆ ఖాళీలో రెండు మీటర్లకొకటి చొప్పున పాతిన కంభాలు. కారు తగిలితే 3 మిల్లీమీటర్ల మందమున్న మీ పట్టీ వంగి, సాగి, ఆ ఊపును తనలో ఇముడ్చుకొని బండిని మళ్లీ దారికి మళ్లిస్తుందని, ఆ విద్యలో మీరు ఘనులని ఒప్పుకుంటాను. అయితే కారులో ఉన్నవారికి చుట్టూ రేకు ఉంటుంది, నాకు చొక్కా ఉంది. పట్టీ దాకా రాని నా దెబ్బను కంభం తీసుకుంది. అది వంగదు, సాగదు, బెత్తెడు అంచుతోనే మొత్తం లెక్క తేల్చేస్తుంది.

మీ వంటివారిని ఐరోపాలో పరీక్షించేటప్పుడు 900 కిలోల కారును గంటకు 100 కిలోమీటర్ల వేగంతో, 13 టన్నుల బస్సును 70 కిలోమీటర్ల వేగంతో తోలి గుద్దిస్తారు. అలా చాలా ఏళ్లు గడిచాక వారికి మోటారు సైకిలు వాడు గుర్తుకు వచ్చి, మనిషి బొమ్మను నేల మీద పడుకోబెట్టి గంటకు 60, 70 కిలోమీటర్ల వేగంతో జార్చి చూసే పద్ధతిని 2012లో ఖాయం చేశారు. కనిపెట్టిన మందు కూడా పెద్దదేమీ కాదు: పట్టీ కింద, నేలకు దగ్గరగా ఇంకొక రేకు బిగించడం, మనిషి కంభం దాకా పోకుండా దాని వెంట జారి ఆగుతాడు. ఈ సంగతి విన్న అధికారి ‘డిజైన్ ప్రకారమే వేశామండి’ అన్నారు. నా ఫిర్యాదు ఆ డిజైన్ మీదనే కదా!

2022లో మన దేశపు రోడ్ల మీద చనిపోయిన 1,68,491 మందిలో వందకు 44 మందికి పైగా ద్విచక్ర వాహనాల వారే. ఆ కట్ట మీద ఒక్క గంట నిలబడి చూడు, కార్లు ఎన్ని పోతాయో, బండ్లు ఎన్ని పోతాయో. పాల క్యాన్లు కట్టుకొని పోయేవాడు, బిడ్డను ముందు కూర్చోబెట్టుకొని పోయేవాడు, యూరియా బస్తా వేసుకొని పోయేవాడు, వీళ్లెవరూ నీ లెక్కలో లేకపోతే నువ్వు ఎవరి కోసమయ్యా నిలబడ్డావు? పడినవాణ్ని పట్టుకోవడానికి పెట్టిన ఇనుము పడినవాడి ఎముక విరిచాక, దానికి సొట్ట పడిందా లేదా అని విచారించే పెద్దమనుషులకు సిగ్గు లేదు, నీకూ లేదు.

మన్నించండి, నొప్పి మాత్ర ప్రభావం తగ్గినట్టుంది.

ఊడిపోయి బల్లెంలా రోడ్డు మీదికి పొడుచుకొచ్చిన మీ చివరి ముక్క గురించి గాని, మీకు కట్టిన పుట్టినరోజు ఫ్లెక్సీల గురించి గాని ఈసారి రాయదలచుకోలేదు. మీ మీద నాకు పూర్తిగా కోపం కూడా లేదు. పోయిన వానాకాలంలో మత్తడి దూకుతున్న రోజున కూలీలతో వస్తున్న ట్రాలీ ఆటో మీకే ఆనుకొని ఆగింది. మీరు లేకుంటే అది నేరుగా నీళ్లలోకి పోయేది. ఆ సొట్ట ఇంకా మీ ఒంటి మీద ఉంది, దాన్ని చూసి నేనే ఒకరోజు మీకు దండం పెట్టాను.

నిన్న తిరిగి వచ్చేటప్పుడు మా తమ్ముడి బండి వెనుక కూర్చొని మలుపు దగ్గర ఒక్క నిమిషం ఆగాను. నా నీలం చొక్కా ముక్క మీ మూడో కంభం అంచుకు చిక్కుకొని ఉంది. రేడియం స్టిక్కర్లు ఎప్పుడో రాలిపోయిన ఆ మలుపులో ప్రస్తుతానికి గుర్తు అదొక్కటే కనుక, దాన్ని తీయలేదు.

ఇట్లు,
తమ కంభం ఎరిగిన
ఒక బండి వాడు