కొలువు లేని రాజులు: సదరన్ కింగ్స్ పదకొండేళ్ల ప్రస్థానం

2009 జూన్ 16న దక్షిణాఫ్రికాలోని పోర్ట్ ఎలిజబెత్ నగరంలో, మరుసటి ఏడాది జరగబోయే ఫుట్‌బాల్ ప్రపంచ కప్ కోసం కట్టిన నెల్సన్ మండేలా బే స్టేడియంలో, సదరన్ కింగ్స్ అనే రగ్బీ జట్టు తన తొలి మ్యాచ్ ఆడింది. ప్రత్యర్థి సామాన్యమైన జట్టు కాదు, ఇంగ్లండ్, స్కాట్లాండ్, వేల్స్, ఐర్లాండ్ మేటి ఆటగాళ్ల ఉమ్మడి జట్టుగా పుష్కరంలా పన్నెండేళ్లకోసారి ఆ దేశానికి వచ్చే బ్రిటిష్ అండ్ ఐరిష్ లయన్స్. కింగ్స్ 8-20తో ఓడింది. ఆ తేదీకి దక్షిణాఫ్రికాలో ప్రత్యేకమైన అర్థం ఉంది. 1976లో సొవెటో విద్యార్థులపై పోలీసులు కాల్పులు జరిపింది ఆ రోజునే, ఇప్పుడు దాన్ని యువజన దినంగా పాటిస్తారు. సరిగ్గా ఆ రోజునే, అదే నగరంలోని జ్వీడే అనే నల్లజాతి బస్తీలో పుట్టి పెరిగిన సియా కొలీసి అనే బడి పిల్లవాడికి పద్దెనిమిదేళ్లు నిండాయి. తర్వాతి కాలంలో ఆ కుర్రవాడు దక్షిణాఫ్రికా జాతీయ జట్టు స్ప్రింగ్‌బాక్స్‌కు తొలి నల్లజాతి టెస్ట్ కెప్టెన్ అయ్యాడు, ప్రపంచ కప్ అందుకున్నాడు. కానీ తన ఊరి జట్టు కింగ్స్ తరఫున ఒక్క సూపర్ రగ్బీ మ్యాచ్ కూడా ఆడలేదు. బడి చదువు ముగియగానే కేప్‌టౌన్ వెళ్లిపోయాడు.

కింగ్స్ గురించి రాసేవారిలో ఎక్కువమంది దాన్ని ఓడిపోవడానికే పుట్టిన జట్టుగా, సామాజిక న్యాయం పేరుతో చేసి విఫలమైన ప్రయోగంగా చూపిస్తారు. గెలుపోటముల పట్టిక మాత్రమే చూస్తే అది నిజమే అనిపిస్తుంది. కానీ ఆ పట్టిక వెనుక ఉన్న తేదీలను వరుసగా పెట్టి చూసినప్పుడు నాకు వేరే కథ కనిపిస్తుంది. దక్షిణార్ధగోళంలోని అతిపెద్ద ప్రాంతీయ పోటీ అయిన సూపర్ రగ్బీలో ఈ జట్టుకు వరుసగా రెండు సీజన్లకు మించి ఎన్నడూ చోటు దక్కలేదు. ఏ ఆటలోనైనా జట్టును నిలబెట్టేది ప్రతిభ ఒక్కటే కాదు, వచ్చే ఏడాది కూడా మనం ఉంటామన్న భరోసా. కింగ్స్‌కు లేనిది అదే.

అసలు ఈ జట్టు ఎందుకు పుట్టిందో అర్థం కావాలంటే పోర్ట్ ఎలిజబెత్ ఉన్న ఈస్టర్న్ కేప్ రాష్ట్రపు రగ్బీ చరిత్రలోకి కొంత దూరం వెళ్లాలి. దక్షిణాఫ్రికా తన మొదటి అంతర్జాతీయ రగ్బీ టెస్టును 1891 జూలై 30న ఆడింది పోర్ట్ ఎలిజబెత్‌లోనే. అంతకు నాలుగేళ్ల ముందే, 1887లో, ఆ నగరంలో యూనియన్ అనే నల్లజాతి రగ్బీ క్లబ్ ఏర్పడింది. మిషనరీ బడులలో చదువుకున్న, ఈ ప్రాంతపు ఖోసా జాతి యువకులు ఈ ఆటను నేర్చుకుని ఊరూరికీ తీసుకువెళ్లారు. తెల్లవారికి రగ్బీ, నల్లవారికి ఫుట్‌బాల్ అని బయటి ప్రపంచం అనుకునే రోజుల్లో కూడా ఈ ప్రాంతంలో రగ్బీ నల్లజాతి వారి ఆటగానే ఉంది, తరాల తరబడి తండ్రుల నుంచి కొడుకులకు అందింది. వర్ణవివక్ష చట్టాలు ఆ ఆటను ఆపలేదు గానీ, దాన్ని గడ్డి మొలవని మైదానాలకూ, లెక్కలోకి రాని రికార్డులకూ పరిమితం చేశాయి. 1976లో చీకీ వాట్సన్ అనే తెల్లజాతి ఆటగాడు తన సోదరుడితో కలిసి, ప్రభుత్వ హెచ్చరికలను లెక్కచేయకుండా, నల్లజాతి బస్తీలో క్వాజాకెలె రగ్బీ యూనియన్ వారితో కలిసి ఆడాడు. ఆ తెగువకు ఆ కుటుంబం ఏళ్ల తరబడి మూల్యం చెల్లించింది. ఈ వాట్సన్ పేరు కింగ్స్ కథలో మళ్లీ వస్తుంది.

1992లో తెల్లవారి రగ్బీ బోర్డు, వర్ణభేదం పాటించని రగ్బీ సంఘం ఒక్కటయ్యాయి. నాలుగేళ్లు తిరిగేసరికి ఆట పూర్తిగా వృత్తిక్రీడగా మారింది. సూపర్ రగ్బీ డబ్బు, టీవీ హక్కులు, స్పాన్సర్లు అన్నీ ప్రిటోరియా, జొహానెస్‌బర్గ్, కేప్‌టౌన్, డర్బన్, బ్లూమ్‌ఫౌంటెన్ చుట్టూ స్థిరపడ్డాయి. నల్లజాతి రగ్బీకి పుట్టిల్లు అనదగిన ఈస్టర్న్ కేప్‌కు ఆ విందులో విస్తరి వేయలేదు. స్ప్రింగ్‌బాక్స్ తరఫున ఆడిన మొదటి నల్లజాతి ఆఫ్రికన్ కాయా మలొటానా ఈ ప్రాంతంలోని లుసికిసికి వాడే. అది 1999లో. అంటే ఆటగాళ్లు లేక కాదు, వారికి ఇంటి దగ్గర జట్టు లేక ఆ పరిస్థితి వచ్చింది.

ఈ లోటు తీర్చడానికి మొదట చేసిన ప్రయత్నం పేరు సదరన్ స్పియర్స్. ఈస్టర్న్ ప్రావిన్స్, బోర్డర్, సౌత్ వెస్టర్న్ డిస్ట్రిక్ట్స్ అనే మూడు ప్రాంతీయ సంఘాలను కలిపి ఆ జట్టును ఏర్పాటు చేసి, 2007 నుంచి సూపర్ పోటీలో చోటు ఇస్తామని 2005లో దక్షిణాఫ్రికా రగ్బీ సమాఖ్య మాట ఇచ్చింది. మరుసటి ఏడాది సమాఖ్యకు కొత్త నాయకత్వం రాగానే మాట తప్పింది. స్పియర్స్ వారు కేప్‌టౌన్ హైకోర్టుకు వెళ్లి ఒప్పందం చెల్లుతుందని తీర్పు తెచ్చుకున్నారు, అయినా చివరికి రాజీకి ఒప్పుకోక తప్పలేదు. ఇక్కడ ఒక విషయం గమనించాలి. సమాఖ్యలో తుది నిర్ణయం చేసే సర్వసభ్య మండలిలో ఉండేది 14 ప్రాంతీయ సంఘాలే. కొత్త జట్టు వస్తే ఎవరి చోటు, ఎవరి ఆదాయం పోతుందో వారే ఓటు వేయాలి. పొలం పంచుకోవాల్సిన అన్నదమ్ములే పెద్దమనుషులుగా కూర్చున్న పంచాయతీ అది.

స్పియర్స్ బూడిదలోంచి కింగ్స్ లేచింది. బ్రిటిష్ అండ్ ఐరిష్ లయన్స్‌తో తొలి మ్యాచ్ ఆడిన ఏడాదే సూపర్ రగ్బీలో పదిహేనో జట్టు స్థానానికి పోటీపడింది, మధ్యవర్తిత్వంలో ఆ స్థానం ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌కు దక్కింది. అప్పటికి ఈస్టర్న్ ప్రావిన్స్ సంఘానికి అధ్యక్షుడిగా ఎదుగుతున్నది ఆ చీకీ వాట్సనే. చివరకు 2013 సీజన్‌కు సమాఖ్య దారి చూపింది. ఆ దారి ఎలాంటిదంటే, 2012లో అట్టడుగున నిలిచిన మరో లయన్స్‌ను, అంటే జొహానెస్‌బర్గ్ జట్టును, తప్పించి ఆ కుర్చీలో కింగ్స్‌ను కూర్చోబెట్టారు. సీజన్ చివర ఆ ఇద్దరినే ఒకరి మీదికి ఒకరిని పంపి, గెలిచినవారికి తర్వాతి సీజన్ అన్నారు.

ఆ ఒక్క సీజన్‌ను కింగ్స్ ఎలా ఆడిందో చెప్పుకోవాలి. తొలి మ్యాచ్‌లో పోర్ట్ ఎలిజబెత్‌లో ఆస్ట్రేలియా జట్టు వెస్టర్న్ ఫోర్స్‌ను 22-10తో ఓడించింది. సెర్జియల్ పీటర్సన్ అనే పద్దెనిమిదేళ్ల కుర్రవాడు రెండు ట్రైలు (ప్రత్యర్థి గీత దాటి బంతిని నేలకు ఆనించి సాధించే స్కోరు) చేశాడు. ఆ ఏడాది ఫైనల్ దాకా వెళ్లిన బ్రంబీస్‌ను వారి సొంత మైదానం కాన్‌బెర్రాలో 28-28తో నిలువరించింది. 16 మ్యాచ్‌లలో 3 గెలుపులు, 1 డ్రా. పట్టికలో ఆఖరి స్థానం. మొదటిసారి అడుగుపెట్టిన జట్టుకు ఇది సిగ్గుపడాల్సిన ఫలితం కాదు. తర్వాత లయన్స్‌తో రెండు మ్యాచ్‌ల పోరులో సొంత ఊళ్లో 19-26తో ఓడి, జొహానెస్‌బర్గ్‌లో 23-18తో గెలిచింది. రెండూ కలిపితే 42-44. రెండు పాయింట్ల తేడాతో కింగ్స్ మళ్లీ బయటికి వచ్చింది. నెగ్గిన లయన్స్‌కు సమయం దొరికింది, 2017 దాకా అదే కోచ్‌తో, చాలావరకు అదే ఆటగాళ్లతో ఎదిగింది, 2016 నుంచి 2018 దాకా వరుసగా మూడు ఫైనళ్లు ఆడింది. ఆ రెండు పాయింట్లు అటు పడి ఉంటే కింగ్స్ కూడా ఫైనళ్లు ఆడేదని నేను అనను. కానీ కాలం చేతికి దొరికిన జట్టు ఏం చేయగలదో లయన్స్ చూపించింది.

కింగ్స్ నిర్వాహకుల తప్పులను దాచిపెట్టి ఈ వాదన చేయడం న్యాయం కాదు. 2013 జట్టులో అర్జెంటీనా నుంచీ ఫ్రాన్స్ నుంచీ తెచ్చుకున్న ఆటగాళ్లున్నారు. జ్వీడే పిల్లల కోసం పెట్టిన జట్టు బయటివారిని కొనుక్కోవడం ఏమిటని అడిగినవారికి సరైన జవాబు రాలేదు. అంతకన్నా పెద్ద తప్పు 2015 చివర్లో జరిగింది. 2016 నుంచి సూపర్ రగ్బీ 18 జట్లకు విస్తరించి, దక్షిణాఫ్రికాకు ఆరో స్థానం వచ్చి, కింగ్స్‌కు మళ్లీ తలుపు తెరుచుకున్న సమయంలోనే ఈస్టర్న్ ప్రావిన్స్ సంఘం ఖజానా ఖాళీ అయ్యింది. ఆటగాళ్లకు నెలల తరబడి జీతాలు అందలేదు. చాలామంది వెళ్లిపోయారు. సమాఖ్య స్వయంగా జట్టు పగ్గాలు తీసుకోవాల్సి వచ్చింది. 1976లో అంత ధైర్యం చూపిన మనిషి అధ్యక్షుడిగా ఉన్నప్పుడే ఇది జరగడం నన్ను ఎక్కువగా బాధించే విషయం. పోరాటంలో నిలబడిన నైతిక బలం ఒకటి, నెలనెలా జీతాల పట్టిక నడిపించే నిర్వహణ మరొకటి. రెండోది లేకపోతే నష్టపోయేది పాతికేళ్లు కూడా నిండని ఆటగాడు.

అలాంటి శిథిలాల మధ్య కోచ్ బాధ్యత తీసుకున్నవాడు డియాన్ డేవిడ్స్. సీజన్ నెత్తి మీదికి వచ్చాక కూడగట్టిన జట్టుతో 2016లో రెండే మ్యాచ్‌లు గెలిచాడు. 2017లో అదే కోచ్, దాదాపు అదే యువ జట్టు ఆరు మ్యాచ్‌లు గెలిచింది. సిడ్నీకి వెళ్లి వారటాస్‌ను 26-24తో, డర్బన్ షార్క్స్‌ను 35-32తో ఓడించింది. 18 జట్లలో 11వ స్థానం. ప్రిటోరియా బుల్స్ కన్నా పైన, బ్లూమ్‌ఫౌంటెన్ చీటాస్ కన్నా పైన. మూడుసార్లు సూపర్ రగ్బీ ఛాంపియన్లయిన బుల్స్ ఆ ఏడాది నాలుగే గెలిచింది. అయినా 2017 జూలైలో, పోటీని కుదించడానికి దక్షిణాఫ్రికా వదులుకోవాల్సిన రెండు జట్ల పేర్లు ప్రకటించినప్పుడు, వాటిలో ఒకటి కింగ్స్, రెండోది చీటాస్. ఆర్థిక స్థితి, ప్రేక్షకుల సంఖ్య, దీర్ఘకాలిక నిలకడ వంటి కొలమానాలు చూశామన్నారు. నిలకడ చూపడానికి అవకాశమే ఇవ్వని జట్టును నిలకడ కొలబద్దతో కొలిచారు. ఈ చరిత్ర మొత్తంలో నేను ఏ మాత్రం ఒప్పుకోలేని నిర్ణయం ఇదే.

తర్వాతిది చకచకా జరిగిపోయింది. ఆ రెండు జట్లనూ ఐర్లాండ్, వేల్స్, స్కాట్లాండ్, ఇటలీ జట్లు ఆడే ప్రో14 పోటీకి పంపారు. ప్రకటనకూ మొదటి మ్యాచ్‌కూ మధ్య ఉన్నది కొన్ని వారాలే. 2017లో మెరిసిన ఆటగాళ్లలో ఎక్కువమంది అప్పటికే వేరే జట్లకు సంతకాలు చేశారు. చీటాస్‌కు శతాబ్దం దాటిన ప్రాంతీయ సంఘం అండ ఉంది కనుక తొలి సీజన్‌లోనే క్వార్టర్ ఫైనల్ చేరింది. కింగ్స్ 21 మ్యాచ్‌లలో ఒక్కటి గెలిచింది. 2019లో జట్టులో 74 శాతం వాటాను నల్లజాతి వ్యాపారవేత్తల బృందానికి అమ్మిన సమాఖ్య, ఒప్పుకున్న డబ్బు అందలేదంటూ 2020లో దాన్ని వెనక్కి తీసుకుంది. ఆ మార్చిలో కరోనాతో పోటీ ఆగింది. సెప్టెంబర్‌లో జట్టును మూసివేసి ఆస్తులు అప్పులు తేల్చే ప్రక్రియ మొదలైంది. అదే తమ ఆఖరి మ్యాచ్ అని తెలియకుండానే ఆటగాళ్లు ఆఖరి మ్యాచ్ ఆడేశారు.

ఆ ముగింపుకు పది నెలల ముందు, 2019 నవంబర్ 2న, యొకొహామాలో ప్రపంచ కప్ ఫైనల్ జరిగింది. ఇంగ్లండ్ మీద 66వ నిమిషంలో ఎడమ అంచున మకజోలే మపింపి బంతిని ముందుకు తన్నాడు, దాన్ని అందుకున్న లుఖాన్యో ఆమ్ పక్కకు చూడకుండానే మళ్లీ మపింపికి అందించాడు, అతడు గీత దాటాడు. ప్రపంచ కప్ ఫైనళ్లలో దక్షిణాఫ్రికా చేసిన మొట్టమొదటి ట్రై అది. ఆమ్ 2016లో కింగ్స్ ఆటగాడు. మపింపి 2017లో కింగ్స్ ఆటగాడు, పేరున్న బడిలో చదవని పల్లెటూరి పిల్లవాడు, పెద్ద జట్ల కంటికి ఆనింది ఆ ఒక్క సీజన్‌తోనే. కెప్టెన్ కొలీసి జ్వీడే వాడు. కోచ్ రాసీ ఎరాస్మస్ పుట్టింది పోర్ట్ ఎలిజబెత్ పక్కనున్న డెస్పాచ్‌లో. ఈస్టర్న్ కేప్‌లో వృత్తి రగ్బీకి తగిన ప్రతిభ లేదని ఎవరైనా అంటే, ఆ ఒక్క సాయంత్రాన్ని చూపితే చాలు.

జనం రారన్న వాదన ఇంకొకటి ఉంది. 2021లో గెబెర్హాగా పేరు మారిన పోర్ట్ ఎలిజబెత్ నగరం తెలుగు క్రికెట్ అభిమానులకు వేరే దారిలో తెలుసు. హైదరాబాద్ సన్‌రైజర్స్ యాజమాన్యమే అక్కడ సన్‌రైజర్స్ ఈస్టర్న్ కేప్ జట్టును నడుపుతోంది. దక్షిణాఫ్రికా టీ20 లీగ్ ఎస్ఏ20 మొదటి రెండు టైటిళ్లు, 2023లోనూ 2024లోనూ, ఆ జట్టువే. సెయింట్ జార్జెస్ పార్క్‌లో వాయిద్య బృందంతో పాటు ఊగే ఆ జనాన్ని టీవీలో మనం చూశాం. క్రికెట్ వేరు, రగ్బీ వేరు, పెట్టుబడి స్థాయి కూడా వేరు. కానీ వచ్చే ఏడాది ఈ జట్టు ఉంటుందా అన్న ప్రశ్న అక్కడి ప్రేక్షకుణ్ని వేధించదు.

ఇప్పుడు ప్రో14 కొత్త రూపమైన యునైటెడ్ రగ్బీ ఛాంపియన్‌షిప్‌లో దక్షిణాఫ్రికాకు నాలుగు జట్లున్నాయి. బుల్స్, లయన్స్, షార్క్స్, స్టార్మర్స్. ఈస్టర్న్ కేప్ జట్టు లేదు. బడులలో ప్రతిభ చూపిన ప్రతి ఖోసా పిల్లవాడూ పద్దెనిమిదేళ్లకు బ్యాగు సర్దుకుని కేప్‌టౌన్‌కో డర్బన్‌కో బయలుదేరాల్సిందే, వెళ్లలేనివాడు ఆట వదిలేయాల్సిందే. ఎప్పుడైనా ఐదో స్థానం గురించి చర్చ వస్తే, అది గెబెర్హాకు కనీసం పదేళ్ల హామీతో దక్కాలి, జీతాల సొమ్ము ప్రాంతీయ సంఘం చేతిలో కాక విడిగా భద్రపరచిన ఖాతాలో ఉండాలి, జట్టులో బయటి ఆటగాళ్ల సంఖ్యకు మొదటి రోజు నుంచే పరిమితి ఉండాలి. అన్నిటికన్నా ముందు, ఆ స్థానం ఎవరికన్నది పోటీలో ఉన్న సంఘాల ఓటుకు వదలకూడదు.